మరకలాయన తీసేసిన మరక

ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూస్తాడా అన్నది అనుమానమే. వీధి మొత్తానికి ఆయన మరకలాయన. బస్టాండు వెనక వీధిలో ఒక పాత లాండ్రీ ఉంది. దాని వెనక గదిలో, కిటికీ పక్కన ఒక బల్ల. బల్ల మీద రంగురంగుల సీసాలు, మెత్తటి బ్రష్షులు, స్పాంజి ముక్కలు, ఒక భూతద్దం. సబ్బుకు లొంగని బట్టలన్నీ చివరికి ఆ బల్ల దగ్గరికే చేరతాయి. మీసాలు మొలుస్తున్న వయసులో అక్కడ కూర్చున్నాడు, ఆ మీసాలు నెరిసినా ఇంకా అక్కడే ఉన్నాడు.

మరక తీయడం ఆయనకు బతుకుతెరువు. మరకను చదవడం మాత్రం పిచ్చి. అచ్చమైన పిచ్చి. ఒక చొక్కా చేతికి రాగానే ముందు సీసా అందుకోడు, భూతద్దం అందుకుంటాడు. ఇది ఎక్కణ్ణుంచి పడింది? ఎంత ఎత్తునుంచి? పడ్డాక మనిషి కూర్చునే ఉన్నాడా, లేచి పరుగెత్తాడా? ఎవరు తుడిచారు, ఏ చేత్తో తుడిచారు? ఇవన్నీ తేలితే గానీ ఆయన చెయ్యి కదలదు.

జనం మరకల విషయంలో ఎందుకు అబద్ధాలాడతారో ఆయనకు ఇప్పటికీ అంతుపట్టదు. "కాఫీ అండీ" అంటాడొక పెద్దమనిషి, మోకాలి మీద బూటు పాలిష్ చూపిస్తూ. "తింటుంటే ఒలికింది" అంటుంది ఒకావిడ. ఒలికిన కూర కిందికి కారుతుంది. ఆవిడ చొక్కా మీద చారలు అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. ఆ గిన్నె ఒలకలేదు, ఎవరో విసిరారు. మరకలాయన తల ఊపి, "అలాగేనమ్మా, పోతుంది" అంటాడు. అంతే. ఆరా తీస్తాడు గానీ, తీసిన ఆరా ఎవరికీ చెప్పడు.

పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసే మనిషికి ఇది కడుపుమంట. వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, అయినా ఒకరికొకరు బావలు. "ఏం బావా, ఇవాళ ఎవరి కొంపలో నిప్పంటుకుంది? కాస్త చెప్పు, పుణ్యం ఉంటుంది" అని రోజూ బతిమాలతాడు ఇస్త్రీ బావ.

"ఏముంది బావా, టీ ఒలికింది" అంటాడు మరకలాయన.

ఆయన నోట అన్ని మరకలూ టీయే.

పెళ్ళి ఊసు లేకుండానే నడివయసు దాటేస్తున్న రోజుల్లో, కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే ఒకావిడ తన తెల్ల చొక్కా తెచ్చి ఆయన ముందు పెట్టింది. ముందు గదిలో మనిషి లేకపోతే తిన్నగా వెనక గదిలోకే వచ్చేసింది.

"ఏం పడింది?" అని అడిగాడు మామూలుగా.

"సూపు. తాగుతూ ఏడ్చాను. చెయ్యి వణికింది" అంది ఆవిడ, అదీ మామూలుగానే.

మరకలాయన తలెత్తి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ బల్ల ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషి ఆవిడే. ఎందుకు ఏడ్చారని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ప్రశ్న అడగడానికి ఆయనకు చాలా కాలం పట్టింది. ఈలోగా ఆవిడ తెచ్చిన చొక్కాల మీద మరకలు చిన్నవైపోతూ వచ్చి, చివరికి ఏ మరకా లేని చొక్కాలు కూడా వెనక గదికే రావడం మొదలుపెట్టాయి. ఇస్త్రీ బావ ముక్కున వేలేసుకున్నాడు. ఆవిడ మొదటి భర్త జబ్బుచేసి పోయి కొన్నేళ్ళయింది. ఇంట్లో తల్లి, ఒక కూతురు ఉన్నారు. మరకలాయన పెళ్ళి చేసుకుని ఒక ట్రంకుపెట్టెతో, ఒక భూతద్దంతో వాళ్ళింటికే కాపురానికి వెళ్ళాడు.

అత్తగారికి అల్లుడు నచ్చాడు. ఇంటికి రాగానే కర్టెన్ల మీద ఏనాటి మరకలో తీసి పెట్టాడు, ఇంకేం కావాలి? చిక్కంతా ఆ పిల్లతోనే.

పిల్ల ఐదో తరగతి. ఒకచోట నిలవదు, గిన్నెలో ఏదీ మిగలనివ్వదు, అందుకని ఇంట్లో దాని పేరు ఉడత. తండ్రి పోయేటప్పటికి దానికి మాటలే సరిగ్గా రావు. మరకలాయన మీద దానికి కోపం లేదు. కోపం ఉంటే ఆయన సంతోషించేవాడేమో, కోపాన్నైతే పట్టుకుని లాగొచ్చు. ఆ పిల్ల ఆయనతో ఇంటి ఓనరుతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడుతుంది. "కొంచెం జరుగుతారా." "అమ్మ పిలుస్తోంది, రమ్మంది." పిలుపు అంటూ ఏదీ లేదు. గాల్లోకి ఒక మాట వదిలేస్తుంది, అది తనకేనని ఆయన అర్థం చేసుకోవాలి. ఉడత అని పిలిచే హక్కు తనకు ఇంకా రాలేదనుకుని ఆయన కూడా "పాపా" అంటాడు. ముక్కూమొహం తెలియని మనుషుల చొక్కా చూసి వాళ్ళ సంసారం చెప్పగలిగిన మనిషికి, ఒకే బల్ల మీద తింటున్న పిల్ల మనసులో ఏముందో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ ఇంట్లో తనకంటూ ఒక చోటు ఉందా లేదా అన్నది ఆ పిల్ల చేతిలో ఉందని మాత్రం ఆయనకు బాగా తెలుసు.

అలాంటి రోజుల్లో బడికి సెలవులిచ్చారు. ఉడత బళ్ళో నేర్చుకొచ్చిన విద్య ఒకటి ఇంటిమీదికి తెచ్చింది. తెల్ల చొక్కాలను మెలితిప్పి, దారాలతో బిగించి, సీసాల్లో కలిపిన రంగులు పోసి, మర్నాడు ముడులు విప్పితే వలయాలు, సుడులు, చుక్కలు వస్తాయట. టై డై అంటారట. ఇంటిల్లిపాదికీ తలా ఒక చొక్కా, అందరూ కలిసి చెయ్యాలి. ఎవరూ తప్పించుకోడానికి వీల్లేదు.

"రంగు అంటించడానికి ఇంత తతంగమా? మా అల్లుడు రోజూ వదిలించేది ఇదేగా" అంది అమ్మమ్మ. అన్నదే గానీ అందరికంటే ముందు తన పాత చొక్కా వెతికి ఇచ్చింది కూడా ఆవిడే.

ఆ మాటలు జరుగుతున్నంతసేపూ మరకలాయన పేపరు చదువుతున్నట్టు నటించాడు. ఇంటిల్లిపాదిలో తాను ఉన్నాడా లేడా? అడిగితే ఏం వినాల్సొస్తుందోనని అడగలేదు. మర్నాడు ఉదయం స్నానానికి వెళ్తే, బాత్రూము బయట ప్లాస్టిక్ బుట్టలో చొక్కాలు పేర్చి ఉన్నాయి. భార్య కళ్ళజోళ్ళ దుకాణం చొక్కా. అత్తగారిది. బడి చొక్కా, ఉడతకు పొట్టిదైపోయింది. అన్నింటికీ అడుగున ఇంకొకటి, మగవాళ్ళది.

ఆయన గుండె ఒక్క గెంతు గెంతింది. చుట్టూ చూసి, చొక్కాను మెల్లగా పైకి లాగాడు. నూలుది, మంచి నేత, చాలాకాలం మడతలో ఉన్న బట్ట. జేబు మీద నీలం ఇంకు మరక. పాత బట్టల దుకాణంలో కొనుంటారు, రంగుల్లో ముంచేదానికి కొత్తది ఎందుకని, అనుకున్నాడు. నా కోసమే అనుకున్నాడు. ఇంట్లో ఇంకో మగవాడు లేడు కదా! లోకంలోని బట్టలన్నిటి కూపీ లాగే మనిషి, ఆ ఒక్క బట్టను ఇది ఎవరిదని తిరిగి అడగలేదు. కావాలనుకున్న జవాబు ముందే దొరికితే ప్రశ్న ఎవడికి కావాలి?

అప్పుడు ఆయనకు ఇంకో ఆలోచన వచ్చింది. ఆ ఆలోచన వచ్చినందుకు తనను తానే మెచ్చుకున్నాడు కూడా. రంగు వెయ్యాలంటే బట్ట ముందు శుభ్రంగా ఉండాలి. మరక మీద రంగు సరిగ్గా పట్టదు. ఈ పనిలో తన వంతు ఇదే. చొక్కాను చంకలో పెట్టుకుని లాండ్రీకి వెళ్ళిపోయాడు.

ఆ ఇంకు మొండిది. ఏళ్ళ తరబడి నూలులో ఇంకిపోయి కూర్చుంది. అలవాటు చొప్పున ముందు భూతద్దం పెట్టి తీరిగ్గా చదివాడు. తర్వాత సీసా మార్చి సీసా, అద్దడం, ఆరబెట్టడం, మళ్ళీ అద్దడం. యజమాని రెండుసార్లు వచ్చి తొంగిచూసి, "పెద్ద ఆసామిదా?" అని అడిగి వెళ్ళాడు. మధ్యాహ్నానికి మరక లేత ఊదా అయింది, తర్వాత బూడిద రంగు, సాయంత్రానికి ఏమీ లేదు. ఆయన బతుకులో అంత శ్రద్ధగా ఇంకో మరక తీయలేదు.

"ఎవరిది బావా ఈ చొక్కా?" అన్నాడు ఇస్త్రీ బావ పెట్టె ఆనిస్తూ.

"నాదే."

"నీ కొలత కాదే? భుజాలు చూడు, నీలాంటివాళ్ళు ఇద్దరు పడతారు."

"ఇంట్లో వేసుకునేదాన్ని వదులుగా కొన్నారులే" అన్నాడు మరకలాయన. ఇంట్లోవాళ్ళు తనకు కొన్నారు అన్న ఆ మాట నోట్లో పలికితేనే ఎంతో బాగుంది.

ఆదివారం పొద్దున వంటింటి వెనక వరండాలో పాత పేపర్లు పరిచారు. రెండు బకెట్లు, బట్టల సోడా కలిపిన నీళ్ళు, మూతలకు చిల్లులు పెట్టిన సీసాల్లో పసుపు, ఎరుపు, నీలం రంగులు, రబ్బరు బ్యాండ్లు, దారపు ఉండ. ఉడత చేతికి తొడుక్కున్న గ్లవ్సు మోచేతుల దాకా వచ్చాయి. అమ్మమ్మ తన చొక్కాను అప్పటికే దొంగను పట్టుకుని కట్టేసినట్టు కట్టేసింది. భార్య దారాలు తెంపుతోంది.

"ఇంకో చొక్కా ఏదమ్మా? బుట్టలో నాలుగు పెట్టాను" అంది ఉడత.

"ఇదిగో!" అంటూ మరకలాయన లోపల్నుంచి వచ్చాడు. పెట్టె మడత నలగకుండా చొక్కాను రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. "చూడు పాపా, ఎలా ఉందో."

ఉడత చొక్కా వైపు చూసింది, తర్వాత జేబు వైపు చూసింది. గ్లవ్సు తీసేసి దగ్గరికి వచ్చింది. జేబు లోపల చెయ్యి పెట్టి బట్టను వెలుతురుకు ఎత్తి చూసింది.

"దీని మీద మరక ఉండాలి" అంది.

"ఉండేది. తీసేశాను." ఆ గొంతులో గర్వాన్ని దాచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు. "పాత ఇంకు. ఇంకెవరి వల్లా అయ్యేది కాదు. కావాలంటే భూతద్దం పెట్టి వెతుకు, జాడ కనపడితే చెప్పు."

ఆ పిల్ల ఏడవలేదు. చొక్కాను ఆయన చేతుల్లోనే వదిలేసి లోపలికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది. అమ్మమ్మ "అయ్యో" అని ఊరుకుంది.

"అది వాళ్ళ నాన్నదండీ" అంది భార్య.

మరకలాయన ఎత్తి పట్టుకున్న చొక్కాను కిందికి దించాడు.

"ఆయన వస్తువుల్లో దాచి ఉంచింది అదొక్కటే. ఆ మరక చుట్టూ దారం కట్టి, దాన్ని అలాగే మధ్యలో ఉంచి, చుట్టూతా వలయాలు వేసుకుంటానంది. వారం నుంచి అదే ధ్యాస దానికి."

"నాకోసం అనుకున్నాను" అన్నాడు ఆయన.

భార్యకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అయినా కోపం ఆగలేదు. "ఒక్క మాట అడగొచ్చు కదా! ఊళ్ళోవాళ్ళ చొక్కాలన్నిటి గురించీ ఆలోచిస్తారు. మన ఇంట్లో చొక్కా గురించి నోరు తెరిచి అడగలేరా?"

తల తీసేసినట్టయింది ఆయనకు. ఈ పని ఇంకెవరూ చేసుండేవారు కారు. మామూలు మనిషైతే మరకను చూసి వదిలేసేవాడు, చేతకానివాడైతే సగం తీసి మానేసేవాడు. అంత నిఖార్సుగా, మళ్ళీ తెచ్చుకునే వీలు లేకుండా తీసేయడం ఆయన ఒక్కడికే చేతనవును.

వరండాలో రంగులు ఎండకు అలాగే ఉన్నాయి. "కలిపిన రంగు నిలవుండదట, పిల్ల చెప్పింది" అని అమ్మమ్మ ఎవరికీ కాకుండా అంది. మరకలాయన కాసేపు బకెట్ల పక్కన కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడ్డాడు.

"పాపా, తప్పయిపోయింది. అడగాల్సింది. అడగలేదు."

తలుపుకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు.

"ఒక మాట చెప్తాను, విను. అది నిజమో కాదో నాకే తెలియదు. లాండ్రీలో వెలిసిపోయిన బట్టలకు రంగు కూడా వేస్తాం. ఒక్కోసారి ఏమవుతుందంటే, ఎప్పుడో తీసేసిన మరక, కంటికి కనపడనిది, రంగు పడగానే పైకి తేలుతుంది. ఒక టేబుల్ గుడ్డ మీద అలాగే తేలింది, అంతకుముందు అది తెల్లగా ఉండేది."

తలుపు కొంచెం తెరుచుకుంది. కుతూహలం కోపం కంటే ముందు బయటికి వచ్చింది.

"ఒక్కోసారి అంటే?"

"కొన్ని తేలాయి, కొన్ని తేలలేదు."

"ఎందుకు కొన్నే?"

"దారం లోపల మరక ఏమైనా మిగిలి ఉంటే, అక్కడ రంగు వేరేగా పడుతుంది. మిగలకపోతే లేదు."

"దీన్లో మిగిలి ఉందా?"

మిగిలే ఉంటుందమ్మా అంటే పిల్ల మొహం వెలిగేది. ఆ మాట అనెయ్యాలని ఆయనకు ఎంతగా అనిపించిందో చెప్పలేం. కానీ ఇస్త్రీ బావకు చెప్పే టీ తప్ప, మరకల దగ్గర ఆయన అబద్ధమాడి ఎరగడు. "నేను చాలా బాగా తీశాను" అన్నాడు తల దించుకుని.

"బాగా తీయకపోయుంటే బాగుండేది."

"అవును."

ఉడత చాలాసేపు ఆయన్ని చూసింది. ఆ చూపు ఆయనకు తెలిసిన చూపే, రోజూ తను భూతద్దంలోంచి చూసే చూపు. "రంగు వేస్తేనే కదా తెలిసేది" అని, గ్లవ్సు కోసం వరండాలోకి నడిచింది.

భార్య భయపడింది. "ఉన్నది ఒక్క చొక్కా. వద్దులేవే" అంది. ఉడత వినలేదు. ఇప్పుడు దానికి తెలుసుకోవాలి, అంతే.

అయితే ఆ మరక సరిగ్గా ఎక్కడ ఉండేది? జేబు మీద అని అందరికీ తెలుసు. జేబు మీద ఎక్కడ? ఉడత ఒక చోట వేలు పెట్టింది, భార్య ఇంకో చోట పెట్టింది. మరకలాయన వంగి, జేబు అడుగు కుట్టుకు కాస్త పైన, గుండీల వైపుగా చిటికెనవేలు ఆనించాడు. "ఇక్కడ మొదలు. ఇక్కడిదాకా." ఉడత ఆ చోటును గోపురంలా పైకి లాగి, కింద దారం చుట్టింది. గట్టిగా బిగించడం దానికి చేతకాకపోతే అమ్మమ్మ అందుకుంది. దారం చుట్టూ ఎరుపు, నీలం పోశారు. కొసన మాత్రం లేత పసుపు. "అక్కడ రంగు తగలకపోతే తేలేది కూడా తేలదు, ముదురు రంగు పడితే తేలినా కనపడదు" అన్నాడు మరకలాయన. ఆ పసుపు చుక్కలు పోసేటప్పుడు ఉడత ఊపిరి బిగబట్టింది. తర్వాత అన్ని చొక్కాలనూ ప్లాస్టిక్ కవర్లలో చుట్టి వరండా మూల పెట్టారు. రంగు పట్టాలంటే మర్నాటిదాకా ముట్టుకోకూడదు.

మర్నాడు లాండ్రీలో ఆయన చేతులు పనిలో ఉన్నాయి గానీ మనసు వరండా మూలన ఉంది. జీవితంలో మొదటిసారి, తను చేసిన పని చెడిపోయి ఉండాలని కోరుకుంటున్నాడు. పైకి చెప్పుకోలేక, లోపల దాచుకోలేక, చివరికి ఇస్త్రీ బావకు మొత్తం చెప్పేశాడు. ఏళ్ళ తరబడి కథ కోసం మొహం వాచిపోయిన బావ, కథ దొరికాక నవ్వలేకపోయాడు. "నువ్వు తీస్తే మిగలదు కదా బావా" అన్నాడు పెట్టె పక్కన పెట్టి.

"అదే నా భయం" అన్నాడు మరకలాయన.

సాయంత్రం నలుగురూ కుళాయి చుట్టూ చేరారు. ముందు అమ్మమ్మది విప్పారు. ఆవిడ బిగింపుకు లోపలికి రంగే వెళ్ళలేదు, చొక్కా సగం తెల్లగా, సగం నలుగురు కొట్టుకున్నట్టుగా ఉంది. "నాకిలాగే కావాలి" అంది అమ్మమ్మ ఆరేసుకుంటూ. భార్య చొక్కా మీద వచ్చిన సుడులు చూసి ఆవిడే ఆశ్చర్యపోయింది. ఉడత తన బడి చొక్కాను విప్పి, ఒకసారి చూసి పక్కన పెట్టేసింది. దాని చూపంతా ఆఖరి మూట మీదే ఉంది.

చల్లటి నీళ్ళ కింద పట్టుకున్నారు. ఎరుపు కారింది, నీలం కారింది, నీళ్ళు తేటపడ్డాయి. మరకలాయన చిన్న కత్తెరతో దారం తెంపాడు. ఉడత బట్టను మెల్లగా విప్పింది. వలయం తర్వాత వలయం, చాలా అందంగా వచ్చాయి. మధ్యలో నిమ్మపండు లాంటి పసుపు. అంచు నుంచి అంచు దాకా ఒకటే పసుపు. ఎక్కడా చిన్న నీడ లేదు.

ఉడత దాన్ని తిప్పి చూసింది, వెలుతురుకు పెట్టి చూసింది. ఆయన కూడా భూతద్దం తెచ్చి చూశాడు. చూస్తున్నకొద్దీ కళ్ళు మసకబారి ఏమీ కనపడకుండా పోయింది.

"లేదు పాపా. ఏమీ మిగల్లేదు. నేను మిగల్చలేదు."

కుళాయి కట్టేయడం ఎవరికీ గుర్తురాలేదు. అప్పుడు ఉడత, చొక్కా వైపే చూస్తూ అడిగింది. "అదెలా ఉండేది?"

"ఏది?"

"మరక. నాకు నీలంగా ఉండేదని తెలుసు. ఇంకేం గుర్తు రావట్లేదు. తీసేముందు చూశారు కదా మీరు?"

"చూశాను."

"చెప్పండి."

మరకలాయన ఎవరి మరక గురించీ ఎవరికీ చెప్పని మనిషి. భార్య వైపు చూశాడు. ఆవిడ కుళాయి కట్టేసి, మెట్టు మీద కూర్చుంది.

"అది ఇంకు పెన్నుది" అన్నాడు నెమ్మదిగా. "మూత సరిగ్గా పెట్టలేదు. పెన్ను జేబులో నిలబడి ఉండగానే కారింది, అందుకే అడుగున గుండ్రంగా చేరింది, నీ బొటనవేలి గోరంత. దాన్నుంచి పైకి సన్నటి గీత. అంటే కారుతోందని తెలియగానే గబుక్కున లాగాడు. లాగాక వేలితో తుడవబోయాడు. పక్కన బొటనవేలి గీతలు పడ్డాయి, ఎడమ చేతివి."

"ఆయనది ఎడమచేతి వాటం" అంది భార్య. ఆ సంగతి ఆవిడ మరకలాయనకు ఎప్పుడూ చెప్పలేదు.

"తర్వాత ఎవరో వట్టి నీళ్ళతో అద్దారు. సబ్బు పెట్టలేదు. చుట్టూ లేత నీలం అంచు ఏర్పడింది. మొదలుపెట్టి, ఎందుకో మధ్యలో ఆపేశారు."

"ఎందుకు ఆపేశారు?"

"అక్కడ ఇంకోటి ఉంది. ఇంకు తడిగా ఉండగానే దాని మీద ఏదో ఆనింది. గట్టిగా, చాలాసేపు. ఊలు అల్లిక గుర్తులు పడ్డాయి, వరసలు వరసలుగా. చాలా సన్నటి అల్లిక, పసిపిల్లల బట్టలకు వేసేది."

ఉడత కళ్ళు పెద్దవయ్యాయి. "నేనా?"

"అది నాకు తెలియదు. పసిపిల్లల బట్ట, అంతవరకే మరకలో ఉంది."

ఉడత దాన్ని అక్కడ వదల్లేదు. నుదురు చిట్లించి లెక్క వేసుకుంది. "మా ఇంట్లో చిన్నపిల్లని నేనొక్కదాన్నే. నాన్న చొక్కా తుడుచుకుంటుంటే నేను ఏడ్చుంటాను. ఎత్తుకున్నాడు. నేను నిద్రపోయాను. అందుకే మధ్యలో ఆపేశాడు." తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "అప్పుడు నాన్న నవ్వుతున్నాడా?"

అవునంటే సరిపోయేది. ఒక్క మాట, ఆ పిల్ల జన్మంతా దాచుకునేది. "అది మరకలో కనపడదు తల్లీ."

ఉడత తల ఊపింది. ఆ జవాబు దానికి నచ్చినట్టే ఉంది. తల్లి వైపు తిరిగి, "నువ్వు ఇవన్నీ చూశావా అమ్మా? ఆ గీత, ఆ ఊలు గుర్తులు?" అని అడిగింది.

"లేదే" అంది తల్లి కళ్ళు తుడుచుకుంటూ. "ఇంకు మరక అనుకున్నాను. అంతే చూశాను ఇన్నాళ్ళూ."

"అమ్మమ్మా, నువ్వు?"

అమ్మమ్మ అడ్డంగా తల ఊపింది.

ఉడత తడి చొక్కాను గుండెలకు పట్టుకుని నిలబడింది. ఏదో గట్టిగా ఆలోచిస్తున్నట్టు పెదవి కొరికింది. "అంటే మీరొక్కరే చూశారు" అంది చివరికి. "మీరు మర్చిపోతారా?"

"మరకలు నేను మర్చిపోను."

"అయితే మీరు ఎక్కడికీ వెళ్ళిపోకూడదు" అంది ఉడత.

అది బతిమాలడం కాదు, ఆజ్ఞ. ఎక్కడికీ వెళ్ళనని మరకలాయన తల ఊపాడు. ఉడత తల్లి పక్కన మెట్టు మీద కూర్చుని, ఇటుపక్క కాస్త జరిగి ఆయనకు చోటిచ్చింది.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పండి."

ఆయన కూర్చున్నాడు. "మీ నాన్న పెన్ను మూత సరిగ్గా పెట్టలేదు" అని మొదలుపెట్టాడు.